ముందు ఏ ప్రింటు చూశారో చెప్పండి

అక్టోబరు వచ్చిందంటే దెయ్యం సినిమాల జాబితాలు మొదలవుతాయి. రోజుకొకటి చొప్పున 31 రోజులకి 31 సినిమాలు, ఒక్కోదానికి నాలుగు లైన్లు, చివర అయిదుకి ఇన్ని అని మార్కులు. హాలోవీన్ మన పండగ కాదు కదా అనే వాదన ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. న్యూజెర్సీలో గుమ్మడికాయ చెక్కుతున్న తెలుగింటి పిల్లలకీ, హైదరాబాదులో ఓటీటీ తిరగేస్తున్నవాళ్ళకీ ఆ నెల పాత హారర్ సినిమాలు చూడటానికి ఒక వంక. చూడటంలో తప్పేం లేదు. చిక్కంతా ఆ తర్వాత రాసే రివ్యూలతోనే.

తెలుగులో సినిమా రివ్యూకి ఒక అచ్చు స్థిరపడిపోయింది: కథ, నటీనటులు, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక విభాగం, తీర్పు. శుక్రవారం విడుదలయ్యే సినిమాకి అది ఏదోలా పనిచేస్తుంది. అదే అచ్చులో 1922 నాటి మూకీ ‘నోస్ఫెరాతు’ని పోస్తే వచ్చేది ఇలా ఉంటుంది: ఫస్టాఫ్ సాగదీత, మనుషుల నడక చార్లీ చాప్లిన్ కామెడీలా ఉంది, రాత్రి అని చెప్పి పట్టపగలు తీశారు, సంగీతం సీన్లకి అతకలేదు, ఈ తరానికి కనెక్ట్ కాదు, 2.25. ఈ అయిదు ఫిర్యాదుల్లో మూడు సినిమా మీద కాదు, చూసిన కాపీ మీద. మొదటిదానిక్కూడా సగం బాధ్యత కాపీదే. రాసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు.

అందుకే నా వాదన ఇది. పాత హారర్ సినిమాకి రాసే రివ్యూ మొదట ప్రింటుకి రివ్యూ కావాలి. ఏ కాపీ, ఎన్ని నిమిషాలు, ఏ సంగీతం, ఎలాంటి తెర: ఇవి చెప్పకుండా భయం వేసింది, వెయ్యలేదు అని తేల్చెయ్యడం, చల్లారిపోయిన పార్సిల్ దోసె తిని హోటల్‌కి మార్కులు వెయ్యడం లాంటిది.

‘నోస్ఫెరాతు’నే దగ్గరగా చూద్దాం. ఎఫ్. డబ్ల్యు. ముర్నావ్ దీన్ని తీసేనాటికి ఆరుబయట చీకట్లో బొమ్మ పట్టగల ఫిల్మ్ లేదు. రాత్రి సీన్లని ఎండలోనే తీసి, ప్రింట్లకి నీలి రంగు అద్దేవాళ్ళు. దీపం వెలిగే గదికి పసుపు, తెల్లవారుజాముకి గులాబీ. ఇవి అలంకారాలు కావు, కథలో భాగం. ఇందులోని రక్తపిశాచి కౌంట్ ఓర్లోక్ తన శవపేటికని తానే చంకన పెట్టుకుని ఊరి వీధుల్లో నడిచే సీను ఉంది. నీలి ప్రింటులో అది నడిరాత్రి. రంగు లేని కాపీలో మిట్టమధ్యాహ్నం, గోడల మీద ఎండ నీడలతో సహా. ఇప్పుడు ముగింపు గుర్తు తెచ్చుకోండి: వాడు చచ్చేది సూర్యకాంతి తగిలి. ఈ కథకి మూలమైన బ్రామ్ స్టోకర్ 1897 నవలలో డ్రాక్యులా పగలు తిరగగలడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండ పడితే రక్తపిశాచి చస్తుందన్న నియమం ఈ సినిమా పెట్టింది. అంటే రంగు లేని కాపీ చూసినవాడికి, అరగంట కిందట ఎండలో షికారు చేసినవాడు చివర్లో ఎండకి ఎందుకు చచ్చాడో అర్థం కాదు. ‘లాజిక్ మిస్’ అని రాసేస్తాడు. లాజిక్ ఉంది, అద్దకం పోయింది.

రెండోది వేగం. మూకీల కాలంలో కెమెరాని చేత్తో తిప్పేవాళ్ళు. ఈ సినిమాని సెకనుకి సుమారు 18 ఫ్రేముల లెక్కన ఆడించాలి. అదే ఫిల్ముని టాకీల లెక్కలో 24కి పెడితే ప్రతి కదలికా మూడోవంతు వేగం పుంజుకుంటుంది. చాప్లిన్ నడక అక్కడి నుంచి వచ్చింది. తేల్చుకోవడం తేలిక: 2006లో పునరుద్ధరించిన ప్రింటు నిడివి దాదాపు 94 నిమిషాలు. 94ని 18తో గుణించి 24తో భాగిస్తే 70 చిల్లర వస్తుంది. మీ చేతిలో ఉన్న కాపీ 70 నిమిషాలకి అటూ ఇటూ ఉంటే అది పరుగెడుతోందని, లేదా ముక్కలు పోయాయని, చాలాసార్లు రెండూనని అర్థం. దీనివల్ల మరో నష్టం ఉంది. అడవిలో ఓర్లోక్ గుర్రబ్బండి వచ్చే చోట ముర్నావ్ కావాలనే వేగం పెంచాడు, ఆ దారిలో ఒక ముక్కని నెగెటివ్‌గా చూపించి చెట్లని తెల్లగా మార్చాడు. మనుషుల లోకం ఇక్కడితో అయిపోయిందని చెప్పే చోటు అది. సినిమా మొత్తం పరుగెడుతుంటే ఆ బండి పరుగుకి విలువేముంది?

ఇన్ని రకాల కాపీలు ఉండటానికి ఒక కోర్టు గొడవ కారణం. ప్రాణా ఫిల్మ్ అనే ఆ జర్మన్ కంపెనీ నవల హక్కులు కొనలేదు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దావా వేసింది, 1925లో కాపీలన్నీ నాశనం చెయ్యాలని తీర్పొచ్చింది. అప్పటికే దేశాలు దాటిపోయిన ప్రింట్లు బతికాయి. ఒక్కోటి ఒక్కో కత్తిరింపుతో, ఒక్కో భాష టైటిల్ కార్డులతో. నెట్‌లో ఉచితంగా దొరికేది వాటిలో ఎన్నోతరం నకలో చెప్పడం కష్టం. సంగీతం సంగతీ అంతే. హాన్స్ ఎర్డ్‌మన్ మొదట కట్టిన సంగీతంలో చాలాభాగం పోయింది. మిగిలినదాని ఆధారంగా తిరిగి కట్టిన వరసలున్నాయి, ఏ సంబంధమూ లేని పియానో ముక్కని చుట్టలు చుట్టి అతికించిన కాపీలూ ఉన్నాయి. మూకీ సినిమా సంగీతం అతకలేదని రాసేముందు ఎవరి సంగీతమో రాయాలి.

ఇక్కడ మాట గురించి ఒక పక్కమాట. వాంపైర్‌ని తెలుగులో ఏమనాలి? దెయ్యం అనలేం, దెయ్యానికి ఒళ్ళుండదు, వీడికి ఉంటుంది. బేతాళుడు అందామంటే, రిచర్డ్ బర్టన్ 1870లో మన విక్రమార్కుడి కథల్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి బేతాళుణ్ణే వాంపైర్ చేసేశాడు గానీ, శవంలో దూరి కథలు చెప్పి చిక్కుప్రశ్నలు వేసేవాడికీ నెత్తురు తాగేవాడికీ పోలికేమిటి? రక్తపిశాచి ఉన్నంతలో నయం. నీడ విషయంలో మాత్రం జాగ్రత్త. నవలలో డ్రాక్యులాకి నీడ పడదు. ఓర్లోక్‌ని జనం మర్చిపోలేనిది మెట్లెక్కే ఆ గోళ్ళ నీడ వల్లనే. రెంటినీ కలిపి ‘వాంపైర్ల లక్షణాలు’ అని పేరా రాస్తే దొరికిపోతారు.

టాకీలకి వస్తే కత్తెర ప్రధానం. జేమ్స్ వేల్ 1931లో తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో చెరువు గట్టు సీను చూడండి. ఊరందరూ భయపడే ఆకారం (నటుడు బోరిస్ కార్లాఫ్) ఒక చిన్నపిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ఆ పిల్ల పూలిస్తుంది. ఇద్దరూ ఒక్కో పువ్వూ నీళ్ళలో వేస్తారు, అవి తేలుతుంటే వాడి మొహంలో మొదటిసారి నవ్వు. పూలు అయిపోతాయి. ఖాళీ చేతుల వంక చూసుకుంటాడు. తర్వాత ఆ పిల్లని ఎత్తి నీళ్ళలో వేస్తాడు, తనూ పువ్వులాగే తేలుతుందనుకుని. తేలదు. వాడు కంగారుపడి, చేతులు నలుపుకుంటూ పారిపోతాడు. సెన్సార్ పిల్లని విసిరే ముక్క కోసేసింది. మిగిలింది ఏమిటంటే, వాడు పిల్ల మీదకి చేతులు చాపుతాడు, కట్, కాసేపటికి తండ్రి ఆ పిల్ల శవాన్ని ఎత్తుకుని ఊళ్ళోకి నడిచొస్తాడు. మధ్యలో ఏం జరిగిందో చూసేవాడు ఊహించుకోవాలి. ఆ ఊహ అసలు సీనుకన్నా ఎంత నీచంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. జాలిపడాల్సిన జీవిని కత్తెర కిరాతకుడిగా మార్చింది. 1980ల్లో గానీ ఆ ముక్క తిరిగి చేరలేదు. అందుకే పాత పుస్తకాల్లో, పాత రివ్యూల్లో ఈ పాత్ర గురించి రాసినదాన్ని ఎత్తి వాడుకునేటప్పుడు ఆ రాసినాయన ఏ ప్రింటు చూసి ఉంటాడో ఆలోచించాలి.

అదే ఏడాది వచ్చిన టాడ్ బ్రౌనింగ్ ‘డ్రాక్యులా’లో ఆ పాత్ర వేసిన బేలా లుగోసి చావు తెర మీద కనిపించదు, మూలుగు మాత్రం వినిపించాలి. 1930ల మధ్యలో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ మూలుగుని కుదించేశారు. ‘క్లైమాక్స్ తేలిపోయింది’ అన్న రివ్యూలకి అదొక కారణం. సినిమాలో టైటిళ్ళు దాటాక నేపథ్య సంగీతం దాదాపు లేదు. ఆ నిశ్శబ్దాన్ని లోపమనే అంటారు చాలామంది. నాకు మొదటి ఇరవై నిమిషాల వరకూ, అంటే కోటలో ఉన్నంతసేపూ, అది గొప్ప బలం. కథ లండన్ డ్రాయింగ్ రూముల్లోకి వచ్చాక మాత్రం నాటకం చూస్తున్నట్టే ఉంటుంది, దాన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు. 1999లో ఫిలిప్ గ్లాస్ సమకూర్చిన సంగీతంతో వచ్చిన కాపీ వేరే ఉంది. అది చూసి బ్రౌనింగ్ సంగీతాన్ని మెచ్చుకోకండి. అవే సెట్లలో రాత్రిపూట ఇంకో యూనిట్ తీసిన స్పానిష్ ‘డ్రాక్యులా’ దీనికన్నా అరగంట నిడివి ఎక్కువ. కెమెరా అందులోనే బాగా కదులుతుంది, లుగోసి మాత్రం ఇందులోనే ఉన్నాడు. రెండూ చూసి రాస్తే రివ్యూ తనంతట తానే తయారవుతుంది.

హిచ్‌కాక్ ‘సైకో’ని దాటేస్తాను. స్నానాల గది సీనులో ముప్పావు నిమిషానికి ఎన్ని కోతలున్నాయో, నెత్తురుగా చాక్లెట్ సిరప్ వాడారనీ అందరూ రాసేశారు. కొత్తగా చెప్పడానికి లేకపోతే ఒక లైనుతో వదిలెయ్యడమే మర్యాద.

దానికన్నా 1942లో ఆర్‌కేఓ స్టూడియో తక్కువ ఖర్చుతో తీసిన ‘క్యాట్ పీపుల్’లో బస్సు సీను మీద ఒక పూట గడపండి. నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు జాక్ టూర్నర్, సినిమా మొత్తం 73 నిమిషాలు. కోపమొస్తే చిరుతగా మారిపోతానని నమ్మే ఇరీనా, రాత్రిపూట పార్కు పక్క దారిలో ఆలిస్ వెంట పడుతుంది. సంగీతం లేదు. వీధి దీపాల కింద వెలుగు వలయాలు, మధ్యలో చీకటి. వినిపించేవి రెండు జతల మడమల చప్పుళ్ళు, ఒకటి మామూలుగా, ఇంకోటి తొందరగా. కాసేపటికి రెండో చప్పుడు ఆగిపోతుంది. ఆగిందని ఆలిస్‌కన్నా ముందు మన చెవికి తెలుస్తుంది. వెనక్కి చూస్తే దారి ఖాళీ. నడక పరుగవుతుంది, ఒక దీపం కింద ఆగి చూస్తుంది, అప్పుడు చెవి పక్కనే బుస్సుమని ఒక్క చప్పుడు, దాంతోపాటే తెరకి అడ్డంగా దూసుకొచ్చిన బస్సు. ఆ బుస్సు గాలి బ్రేకుది. సినిమా వాళ్ళు ఈనాటికీ ఇలాంటి ఉత్తుత్తి అదరగొట్టుడుని ‘బస్సు’ అనే పిలుస్తారు. మన హారర్ కామెడీల్లో తలుపు తియ్యగానే పిల్లి దూకడం ఈ బస్సుకి మునిమనవడు. తేడా ఎక్కడంటే, పిల్లి దూకాక ‘హమ్మయ్య’ అంటాం. ఇక్కడ బస్సు వెళ్ళిపోయాక కూడా పొదల కొమ్మలు ఊగుతుంటాయి. ఆ తర్వాత చచ్చిన గొర్రెలు, మెత్తటి నేల మీద పంజా గుర్తులు, అవి నడుస్తూ నడుస్తూ ఆడవాళ్ళ మడమల చెప్పుల గుర్తులుగా మారడం. చిరుత మనిషిగా మారటం ఎక్కడా చూపించలేదు, బురదలో అడుగులు చూపించారు.

ఈ సీనుని రివ్యూ చెయ్యడమంటే ‘బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అదిరింది’ అని కాదు, అసలు స్కోరే లేదు కాబట్టి. స్టాప్‌వాచ్ పెట్టుకుని, రెండో చప్పుడు ఆగిన క్షణం నుంచి బుస్సు దాకా ఎన్ని సెకన్లో, ఆ మధ్యలో షాట్ ఎన్నిసార్లు మారిందో రాసుకోవడం. మొదటిసారి సినిమా ఆపకుండా చూడాలి, ఫోను పక్క గదిలో పెట్టి. రెండోసారి కాగితం మీద నిమిషం, సెకను, తెరలో ఎటు పక్క ఖాళీ, చప్పుడు ఏమిటి, అంతే. మొదటి చూపులోనే నోట్సు రాస్తే బస్సు వచ్చేటప్పుడు మీరు కాగితం వంక చూస్తుంటారు. ఈ లెక్కన 31 రోజుల్లో 31 సినిమాలు అసాధ్యం. అయిదు చాలు, ఒక్కోటి రెండుసార్లు.

ఇక తెర. ఇక్కడ జాన్ కార్పెంటర్ 1978 ‘హాలోవీన్’ కన్నా మంచి పరీక్ష లేదు. చివర్లో కథానాయిక లోరీ శవాల్ని చూసి వణుకుతూ ఒక చీకటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుంటుంది. గుమ్మం నల్లగా ఉంది. ఆ నలుపులోంచి, ఏ చప్పుడూ లేకుండా, హంతకుడి తెల్లటి ముసుగు నెమ్మదిగా తేలుతుంది, నీళ్ళ అడుగు నుంచి పైకొస్తున్నట్టు. ఛాయాగ్రాహకుడు డీన్ కండీ ఒక చిన్న దీపాన్ని డిమ్మర్‌తో కొద్దికొద్దిగా పెంచాడు, అంతే ఉపాయం. మీ టీవీలో బ్రైట్‌నెస్ ఎక్కువుంటే నలుపు బూడిదరంగై ముసుగు ముందే కనబడిపోతుంది. మరీ తక్కువుంటే ఆలస్యంగా, హఠాత్తుగా కనబడుతుంది. రెండు రకాలుగానూ సీను చచ్చింది. ఈ ఒక్క చోటుని పెట్టుకుని, గదిలో లైటార్పి, ముసుగు ఎప్పుడు మొదలైందో మీకే అనుమానంగా ఉండేవరకూ బ్రైట్‌నెస్ సర్దుకోండి. పిక్చర్ మోడ్ సినిమాకి లేదా ఫిల్మ్‌మేకర్‌కి మార్చండి, ‘వివిడ్’ వద్దు. ఈ కథ ఇల్లినాయ్‌లో అక్టోబరు చివర జరగాలి, తీసింది కాలిఫోర్నియాలో వసంతకాలంలో. రంగు పూసిన ఎండుటాకుల్ని రోడ్డు మీద చల్లడం, షాటయ్యాక ఏరి సంచిలో పోసుకోవడం. వివిడ్‌లో పెడితే వెనకాల పచ్చటి చెట్లు గుట్టు రట్టు చేసేస్తాయి. షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గించండి, లేకపోతే ఫిల్ము గరుకుతనం చీమల పుట్టలా కదులుతుంది. మోషన్ స్మూతింగ్ అనేది ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో దాస్తుంది, వెతికి ఆపెయ్యండి. అది లేని ఫ్రేముల్ని పుట్టించి 1978 సినిమాని సాయంత్రం సీరియల్ చేసేస్తుంది.

ఇదే సినిమా డిస్కుల్లో రంగు గొడవ కూడా ఉంది. రాత్రి సీన్లకి కండీ కోరుకున్నది చల్లటి నీలం. కొన్ని విడుదలల్లో అది ఎగిరిపోయి రాత్రి గోరువెచ్చగా మారింది. 2013లో 35 ఏళ్ళ సందర్భంగా వచ్చిన బ్లూ-రే రంగులు కండీ పర్యవేక్షణలో సరిచేసినవి. ఇక వెడల్పు. ఇది ఎత్తుకి రెండు రెట్లకి పైగా వెడల్పున్న పానావిజన్ బొమ్మ. లోరీ ఒక అంచున ఏడుస్తుంటే, చచ్చాడనుకున్నవాడు వెనకాల మసగ్గా లేచి కూర్చుంటాడు. పాత చదరపు టీవీల కోసం అంచులు కోసిన కాపీల్లో ఇలాంటి చోట ఒకరు మిగిలితే ఒకరు పోతారు. రీల్స్ కోసం నిలువుగా కత్తిరించే ముక్కల గురించి చెప్పేదేముంది.

శబ్దానికీ జాగ్రత్తలున్నాయి. మనది పాల్ అనే పాత టీవీ పద్ధతి (సెకనుకి 25 ఫ్రేములు) వాడిన దేశం కాబట్టి ఇళ్ళల్లో మిగిలిన పాత డీవీడీలు 24 ఫ్రేముల సినిమాని 25కి పరిగెత్తించేవి కావచ్చు. వంద నిమిషాల సినిమా 96కి వస్తుంది, పాట శ్రుతి ఇంచుమించు ముప్పాతిక మెట్టు పైకి జరుగుతుంది. కార్పెంటర్ పియానో వరస అయిదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. ఖండ చాపు ఎరిగిన చెవి వెంటనే పట్టుకుంటుంది, ఎరగని చెవి నాలుగో దెబ్బకి ఆగబోయి తడబడుతుంది. ఆ తడబాటే దాని పని. నాసిగా ఎక్కించిన కాపీలో అది కాలర్ ట్యూన్. టీవీలో ‘నైట్ మోడ్’ సౌండ్ ఉంటే తీసెయ్యండి, అది గుసగుసనీ కేకనీ ఒకే మట్టానికి తెస్తుంది.

ఉచితంగా దొరికేవాటిలో ఎక్కువ అన్యాయం జరిగింది జార్జ్ రొమేరో 1968 ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కి. సినిమా పేరు చివర్లో మార్చారు. కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ ప్రకటన పెట్టడం పంపిణీదారు మర్చిపోయాడు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ప్రకటన లేకపోతే హక్కు లేదు. దాంతో ఎవరు పడితే వాళ్ళు నకళ్ళు తీసుకున్నారు, నకళ్ళకి నకళ్ళు, రంగులద్దినవి, 1999లో కొత్త సీన్లు చేర్చినది కూడా. పాడైన నకలులో తెలుపు పేలిపోయి, నలుపు ముద్దయిపోతుంది. ఆ ముద్దలో మొదట మునిగేది డువేన్ జోన్స్ మొహం. నల్లజాతి నటుడు, సినిమాకి కథానాయకుడు, లేచొచ్చిన శవాలకి భయపడి అందరూ దాక్కున్న ఇంట్లో ఒకే ఒక బుర్ర ఉన్న మనిషి. అతను ఆలోచిస్తున్నాడా, కోపం దిగమింగుతున్నాడా అన్నది కళ్ళల్లో కనబడకపోతే ముగింపు దెబ్బ సగం కూడా తగలదు. అసలు నెగెటివ్ నుంచి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి చేయించిన 4కె పునరుద్ధరణ 2016లో వచ్చింది. ఒక అయిదు నిమిషాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ‘లో బడ్జెట్ క్వాలిటీ’ అన్న మాట మీరే కొట్టేస్తారు.

కాబట్టి రివ్యూ నెత్తిన రెండు లైన్లు. ఉదాహరణకి: ‘చూసినది 2006 పునరుద్ధరణ, రంగులద్దిన ప్రింటు, 94 నిమిషాలు, ఎర్డ్‌మన్ సంగీతం ఆధారంగా కట్టినది, 43 అంగుళాల టీవీ, గదిలో లైటు లేదు.’ తర్వాత ఒక్క సీను పట్టుకుని సెకన్లతో సహా విప్పండి. మార్కులు వెయ్యకండి, నూరేళ్ళు బతికిన సినిమాకి మన రెండుంపావు దేనికి? ముగింపులు బయటపెట్టాలా అంటే, ‘ఫ్రాంకెన్‌స్టైన్’కి ఫర్వాలేదు, ‘సైకో’కి వద్దు. మధ్యలో కథానాయిక మారిపోవడం ఇంకా తెలియనివాళ్ళు ప్రతి ఏడూ కొత్తగా పుడుతూనే ఉంటారు.

అక్టోబరు 31 రాత్రికి ‘హాలోవీన్’ని అట్టిపెట్టుకోండి, చివరి నిమిషం మీద మాత్రం తొందరపడి రాయకండి. డాక్టర్ ఆరు గుళ్ళు పేలుస్తాడు, వాడు బాల్కనీ మీంచి పడతాడు, తొంగిచూస్తే గడ్డి మీద ఎవరూ లేరు. తెలుగు రివ్యూల్లో దీనికి సిద్ధంగా ఒక వాక్యం ఉంటుంది: ‘సీక్వెల్‌కి లీడ్ ఇచ్చి ముగించారు’. కాని సినిమా అక్కడ ఆగదు. హాలు, మెట్లు, ఖాళీ గదులు, బయట నుంచి చీకటి ఇళ్ళు, అంతవరకూ మనం తిరిగిన చోట్లే ఒక్కొక్కటిగా, మనుషులు లేకుండా వస్తాయి. ప్రతి దాని మీదా ముసుగు లోపలి ఊపిరి చప్పుడు, ఒకదానికన్నా ఒకదానికి దగ్గరగా. ఆ ఇళ్ళు ఎన్నో లెక్కపెట్టండి, చివరిది ఎవరిదో రాయండి.